రాడార్ ఫీడ్ నాలుగు నిమిషాలకి ఆగిపోతోంది, లింకు లైటు మాత్రం పచ్చగానే ఉంది

ప్లాట్‌పిచ్చి (చెన్నై), శుక్రవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. రాడార్ డేటా పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ కోసం టెస్ట్ బెంచ్ కడుతున్నాం. ఆపరేషన్స్ నెట్‌వర్క్‌తో దీనికి ఏ కనెక్షనూ లేదు, రికార్డు చేసిన ఫీడ్‌నే సమయం ఇప్పటికి మార్చి ఆడిస్తున్నాం. రెండు ఎంఎస్‌ఎస్‌ఆర్‌లు (విమానంలోని ట్రాన్స్‌పాండర్ అనే పరికరం ఇచ్చే జవాబుతో దాన్ని చూసే రాడార్లు): ఒకటి నిమిషానికి 15 తిప్పులు, రెండోది 12. డేటా ఆస్టెరిక్స్ (రాడార్ డేటా పంపే ప్రామాణిక ఫార్మాట్) క్యాట్ 48, క్యాట్ 34: మొదటిది ప్లాట్లు, అంటే ఒక్కో తిప్పులో కనిపించిన విమానాల స్థానాలు, రెండోది సర్వీస్ మెసేజ్‌లు. యూడీపీ మల్టీకాస్ట్ (ఒకరు పంపితే గ్రూపులో చేరిన అందరికీ అందే పద్ధతి), గ్రూపులు 239.10.1.1, 239.10.1.2. పంపే పీసీ, ఒక 24 పోర్టుల మేనేజ్డ్ స్విచ్, అందుకునే లినక్స్ పీసీ, అంతే. రౌటరు లేదు.

అప్లికేషన్ తెరవగానే డేటా వస్తుంది. నాలుగు నిమిషాల చిల్లరకి రెండు గ్రూపులూ ఒకేసారి ఆగిపోతాయి. పింగ్ కొడితే జవాబు వస్తోంది, పోర్టు లైటు వెలుగుతోంది, ఎర్రర్ కౌంటర్లు సున్నా. మూసి తెరిస్తే మళ్లీ నాలుగు నిమిషాలు. కేబుల్ మార్చాను, పోర్టు మార్చాను.

ఇంకో ప్రశ్న. ఇప్పుడు మా సాఫ్ట్‌వేర్ పింగ్, పోర్టు స్థితి మాత్రమే చూస్తోంది. నిజంగా చూడాల్సినవి ఏమిటి?

—

పెరుంగుడి_పోరడు (చెన్నై), రాత్రి 9:31

తమ్మీ, ఆ చిల్లర ఎంతుందో గడియారం పెట్టి చూడు. 260 సెకన్లు వచ్చిందంటే కేబుళ్ల జోలికి పోకు. అది ఐజీఎంపీ స్నూపింగ్ (గ్రూపు జాయిన్లను స్విచ్ చాటుగ వినుడు) చేస్తున్న పని.

అప్లికేషన్ తెరిచినప్పుడు పీసీ "ఈ గ్రూపు నాకు కావాలె" అని జాయిన్ పంపుతది. స్విచ్ అది విని ఆ పోర్టు పేరు రాసుకుంటది. తర్వాత ఎవరో ఒకరు ప్రతి 125 సెకన్లకు "ఇంకా కావాల్నా?" అని అడుగుతుండాలె. ఆ అడిగేటోడే క్వెరియర్. మామూలుగ రౌటరు ఆ పని చేస్తది, నీ బెంచ్‌ల రౌటరే లేదంటివి. అడిగేటోడు లేడు కాబట్టి పీసీ మళ్ల చెప్పదు. స్విచ్ రెండు 125లు, దానిమీద ఇంకో 10 సెకన్లు చూసి పేరు కొట్టేస్తది. లెక్క సరిపోయిందా?

ఆ వీల్యాన్‌ల (స్విచ్‌ల వేరు చేసిన నెట్‌వర్క్‌ల) స్విచ్‌కు ఒక ఐపీ ఇచ్చి క్వెరియర్ ఆన్ చెయ్యి. రెండు స్విచ్‌లుంటే రెండిట్ల పెట్టినా ఏం కాదు, తక్కువ ఐపీ ఉన్నదే ఆ పని తీసుకుంటది. స్నూపింగ్ మొత్తం బంద్ పెట్టినా డేటా వస్తది గానీ, అప్పుడు ప్రతి ఫీడు ప్రతి పోర్టుకు పోతది. బెంచ్‌ల చేసిన అలవాటే రేపు సైటుకు పోతది. వద్దు.

—

ప్లాట్‌పిచ్చి, రాత్రి 10:20

అన్నా, సరిగ్గా 260. క్వెరియర్ ఆన్ చేశాక అరగంటగా ఆగకుండా వస్తోంది.

కానీ అందుకునే పీసీకి రెండో నెట్‌వర్క్ కార్డు పెట్టి రెండో నెట్‌వర్క్ ('బి' ల్యాన్, మొదటిది 'ఏ') కలిపితే అక్కడ కొత్త తంటా. టీసీపీడంప్‌లో (ప్యాకెట్లు పట్టి చూపే టూల్) ప్యాకెట్లు కళ్లకి కనిపిస్తున్నాయి, అప్లికేషన్‌కి ఒక్కటీ అందట్లేదు.

—

క్యాట్48 (బెంగళూరు), రాత్రి 10:41

టీసీపీడంప్ కార్డు దగ్గర చూస్తుంది, అప్లికేషన్ కెర్నెల్ వడపోత దాటాక చూస్తుంది. మీ ప్యాకెట్లు ఆ మధ్యలో పోతున్నాయి. అనుమానించాల్సినవి రెండే.

మొదటిది ఆర్‌పీ ఫిల్టర్. దాని విలువ 1 ఉంటే, పంపినవాడి ఐపీకి తిరుగుదారి కూడా అదే కార్డు మీదుగా ఉండాలని కెర్నెల్ పట్టుబడుతుంది. మీ పంపే పీసీ ఐపీ 'ఏ' ల్యాన్‌లోది అయి ఉంటుంది, బి కార్డు మీద వచ్చిన ప్యాకెట్‌ని దొంగదని పారేస్తుంది. బి ల్యాన్‌కి సరైన రూటు రాయండి. అది కుదరకపోతేనే విలువ 2 చేయండి. 'ఆల్' (all) అనే పేరుతో ఉన్న సెట్టింగూ, ఆ కార్డు సెట్టింగూ రెండూ చూడాలి, వాటిలో ఎక్కువ విలువే అమలవుతుంది.

రెండోది జాయిన్. కోడ్‌లో ఇంటర్‌ఫేస్ అడ్రస్ దగ్గర సున్నాలు పెడితే జాయిన్ రూటింగ్ పట్టిక చూపిన కార్డు మీదుగా పోతుంది, అది సాధారణంగా 'ఏ' కార్డే. ప్రతి గ్రూపునీ ప్రతి కార్డు మీదా విడివిడిగా, ఆ కార్డు ఐపీ ఇచ్చి జాయిన్ చేయాలి.

—

పెరుంగుడి_పోరడు, రాత్రి 10:58

గ్రూపు అడ్రసుల మాట కూడ ఇక్కడనే చెప్త. ఐపీ గ్రూపు నుంచి ఈథర్‌నెట్ అడ్రసుకు పోయేది కింది 23 బిట్లే. అందుకే 239.10.1.1, 239.138.1.1 రెండూ స్విచ్‌కు ఒకటే లెక్క. 239.0.0 తోని, 239.128.0 తోని మొదలయ్యేవి అసలే వాడొద్దు, వాటిని కంట్రోల్ ప్యాకెట్లనుకుని స్విచ్‌లు అన్ని పోర్టులకు పంచిపెడ్తయి.

రౌటరు దాటించేటప్పుడు టీటీఎల్ (ఒక్కో రౌటరు కాడ ఒకటి తగ్గే అంకె) చూసుకో. మల్టీకాస్ట్‌కు మామూలుగ 1 ఉంటది, మొదటి రౌటరు కాడనే సచ్చిపోతది. బెంచ్‌ల మటుకు ఆ 1 అట్లనే ఉండనియ్యి, అదే నీకు కంచె.

—

ఉత్తరసూచి (చెన్నై), రాత్రి 11:26

రెండో ప్రశ్నకి వస్తాను, అసలు విషయం అక్కడే ఉంది.

పింగ్‌కి బదులిచ్చేది అవతలి పెట్టెలోని నెట్‌వర్క్ భాగం. యాంటెన్నా ఆగినా, ప్లాట్ ఎక్స్‌ట్రాక్టర్ (సిగ్నల్ నుంచి ప్లాట్లు తీసే భాగం) బిగుసుకుపోయినా అది బదులిస్తూనే ఉంటుంది. పింగ్ చూసి రాడార్ బాగుందనడం, దున్నపోతు ఈనిందంటే దూడని కట్టేయమన్నట్టు. చూడాల్సింది డేటాని.

క్యాట్ 34లో మెసేజ్ టైప్ 1 అంటే ఉత్తర సూచిక, యాంటెన్నా ఉత్తరం దాటిన ప్రతిసారీ ఒకటి. 15 తిప్పుల రాడార్‌కి 4 సెకన్లకొకటి, 12 తిప్పులకి 5 సెకన్లకొకటి. ఒకటి పోతే లెక్కలో రాసుకోండి, వరసగా మూడు పోతే అలారం కొట్టండి. టైప్ 2 అంటే సెక్టార్ (తిప్పులో ఒక కోణపు ముక్క) దాటడం. తిప్పుకి 32 సెక్టార్లు అనుకుంటే 4 సెకన్ల రాడార్‌కి 125 మిల్లీసెకన్లకొకటి రావాలి. ఏ సెక్టార్లు పోతున్నాయో పట్టిక వేసి చూడండి: రోజూ అవే నంబర్లు పోతుంటే తప్పు రాడార్ వైపు ఉంది. ఒకసారి 7, ఇంకోసారి 22, ఇలా చెదురుమదురుగా పోతుంటే దారిలో ప్యాకెట్లు రాలుతున్నాయి. ఈ ఒక్క తేడా తెలిస్తే ఎవరికి ఫోన్ చేయాలో తెలుస్తుంది.

సెక్టార్లన్నీ వస్తూ ప్లాట్లు మాత్రం సున్నా అయితే యాంటెన్నా తిరుగుతోంది, నెట్‌వర్క్ బాగుంది, ట్రాన్స్‌మిటర్ లేదా రిసీవర్ వైపు చూడాలి. ప్లాట్ల సంఖ్యకి ఒకే అలారం గీత పెట్టకండి. గంట గంటకీ వేరే సగటు ఉంచుకోండి. రాత్రి ఖాళీ అనుకోవద్దు, మన పెద్ద విమానాశ్రయాల్లో అంతర్జాతీయ రద్దీ అర్ధరాత్రి దాటాకే ఉంటుంది.

అన్నిటికంటే నమ్మకమైన సాక్షి సైట్ మానిటర్. రాడార్‌కి కొన్ని మైళ్ల దూరంలో కదలకుండా ఉండే ట్రాన్స్‌పాండర్. క్యాట్ 48లో 020 ఐటమ్‌లో (ఐటమ్ అంటే మెసేజ్‌లో ఒక అంశం) ఆర్‌ఏబీ బిట్ దానికోసమే. ప్రతి తిప్పులోనూ అదే దూరం, అదే కోణం రావాలి. దూరం 1/256 నాటికల్ మైలు మెట్లలో, కోణం 0.0055 డిగ్రీల మెట్లలో వస్తుంది కాబట్టి చిన్న జరుగుబాటు కూడా గ్రాఫ్‌లో తేలుతుంది. ఒక్క ప్లాట్‌ని చూసి కంగారు పడొద్దు. వంద తిప్పుల సగటు జరిగితే అప్పుడు పట్టించుకోవాలి.

ఇక వయసు. మీ పీసీకి అందిన సమయంలోంచి 140 ఐటమ్‌లోని సమయం తీసేస్తే ప్లాట్ వయసు. మధ్యగతం (మీడియన్), 99వ శతాంశం (100లో 99 ప్లాట్ల వయసు దీనికి లోపే ఉంటుంది) రెండూ గీయండి. మధ్యగతం కదలకుండా 99వ శతాంశం పెరుగుతుంటే ఎక్కడో క్యూ కడుతోంది. రెండూ కలిసి ఒకేసారి గెంతితే గడియారం జరిగింది. వయసు రుణాత్మకం అయిందా, రెండు గడియారాల్లో ఒకటి అబద్ధం చెబుతోంది.

—

క్యాట్48, రాత్రి 11:50

సెక్టార్ మెసేజ్‌ని చేత్తో విప్పడం ఒకసారి చేయండి, తర్వాత వైర్‌షార్క్ (ప్యాకెట్లు విప్పి చూపే టూల్) చూపించేది అర్థమవుతుంది. ఆక్టెట్లు (8 బిట్ల ముక్కలు) దశాంశంలో రాస్తున్నా:

34, 0, 11, 240, ఎస్‌ఏసీ, ఎస్‌ఐసీ, 2, 84, 96, 0, 8

మొదటి 34 క్యాటగిరీ. 0, 11 కలిసి పొడవు, ఈ మొదటి మూడు ఆక్టెట్లూ అందులో కలిసే ఉంటాయి. 240 ఎఫ్‌స్పెక్: బిట్లు 11110000, అంటే మొదటి నాలుగు ఐటమ్‌లు ఉన్నాయి, చివరి బిట్ 0 కాబట్టి ఎఫ్‌స్పెక్ ఇక్కడితో అయిపోయింది. తర్వాత రెండు ఆక్టెట్లు, ఎస్‌ఏసీ, ఎస్‌ఐసీ, కలిసి పంపినవాడి గుర్తింపు. 2 అంటే సెక్టార్ దాటింది. 84, 96, 0 సమయం: 84×65536 + 96×256 = 55,29,600. దాన్ని 128తో భాగిస్తే 43,200 సెకన్లు, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) మధ్యాహ్నం 12, మనకి సాయంత్రం 5:30. చివరి 8 ని 360/256తో గుణిస్తే 11.25 డిగ్రీలు.

వైర్‌షార్క్ 8600 పోర్టుని తనంతట తానే ఆస్టెరిక్స్ అనుకుంటుంది. మీ పోర్టు వేరైతే 'డీకోడ్ యాజ్'లో చెప్పాలి.

పాత రాడార్ ఏదైనా క్యాట్ 1 పంపుతుంటే జాగ్రత్త. అందులో సమయం రెండు ఆక్టెట్లే, 512 సెకన్లకోసారి సున్నాకి వస్తుంది. పూర్తి సమయం క్యాట్ 2లో ఉంటుంది. "సర్వీస్ మెసేజ్‌లు మనకెందుకు" అని ఎవరైనా దారిలో క్యాట్ 2ని వడగట్టేస్తే ప్లాట్లు ఏ 512 సెకన్లవో చెప్పేవాడు ఉండడు.

—

ప్లాట్‌పిచ్చి, శనివారం ఉదయం 5:47

రాత్రంతా నడిపించా. అంతా బాగుంది, 5:30కి రెండు రాడార్లకీ ఒకేసారి "వయసు మైనస్ 86,399 సెకన్లు" అని ఎర్ర అలారాలు. తర్వాత మామూలే.

—

క్యాట్48, ఉదయం 7:15

మన 5:30 అంటే యూటీసీ అర్ధరాత్రి. ఆస్టెరిక్స్ సమయంలో తేదీ ఉండదు, అప్పుడు సున్నాకి పోతుంది. గీతకి అటూ ఇటూ ఉన్న రెండు సమయాల్ని తీసేశారు. తేడా మైనస్ 43,200 కంటే తక్కువ అయితే 86,400 కలపండి, 43,200 కంటే ఎక్కువ అయితే 86,400 తీసేయండి. రెండు వైపులా రాయాలి. గడియారం కాస్త ముందున్న రాడార్ మీ పీసీ కంటే ముందే సున్నాకి వస్తుంది, అప్పుడు ఒక రోజు వయసు చూపిస్తుంది.

అలారాన్ని 5:30కి అణిచిపెట్టే కోడ్ మాత్రం రాయకండి.

—

దేవనహళ్లి_మాస్టారు (బెంగళూరు), ఉదయం 9:02

గడియారాల మాట వచ్చింది కనుక, అందరూ తడబడే చోటు ఒకటి చెబుతాను. రెండు రాడార్లు ఒకే విమానాన్ని రెండు చోట్ల చూపిస్తుంటే తప్పు సమయంలోదా, కోణంలోదా, దూరంలోదా?

చిత్తూరు మీదుగా పోయే విమానాన్ని తీసుకోండి. బెంగళూరు రాడార్‌కి సుమారు 80 నాటికల్ మైళ్లు, చెన్నై రాడార్‌కి 60 పైచిలుకు. రెండు రాడార్లూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, దారి తూర్పు పడమరలుగా ఉంది. ఇంత చక్కగా విడిపోయే జ్యామితి వెతికినా దొరకదు.

బెంగళూరు రాడార్ కోణం 0.2 డిగ్రీలు ఎక్కువ చూపిస్తే 80 మైళ్ల దగ్గర ప్లాట్ 0.28 మైలు దక్షిణానికి జరుగుతుంది. విమానం ఎటు పోతున్నా దక్షిణానికే, దగ్గర్లో తక్కువ, దూరంలో ఎక్కువ. దూరంలో తప్పుంటే తూర్పుకో పడమరకో జరుగుతుంది, అదీ విమానం దిశతో పని లేకుండా ఒకే వైపు. సమయంలో తప్పుంటే మాత్రం జరుగుబాటు విమానాన్ని బట్టి మారుతుంది. 480 నాట్ల విమానం సెకనుకి 0.133 మైలు పోతుంది. రాడార్ గడియారం 2 సెకన్లు ముందుంటే చెన్నై వెళ్లే విమానం 0.27 మైలు పడమటి వైపు వెనకబడి కనిపిస్తుంది, బెంగళూరు వచ్చేది తూర్పు వైపు వెనకబడుతుంది. అందుకని ఎదురెదురు దిశల విమానాల్ని వేరు చేసి సగటు కట్టండి. అన్నీ కలిపి సగటు తీస్తే సమయం తప్పు రెండు వైపులా కొట్టుకుపోయి సున్నా కనిపిస్తుంది, అంతా బాగుందని ముద్ర వేసేస్తారు.

అలా దొరికే అంకె 18 సెకన్లయితే జీపీఎస్ రిసీవర్‌ని చూడండి. 2017 జనవరి నుంచి జీపీఎస్ సమయం యూటీసీ కంటే 18 సెకన్లు ముందుంది. ఆ సవరణ ఉపగ్రహ సందేశంలో ఉంటుంది, పూర్తి సందేశం ఒక చుట్టు రావడానికి 12.5 నిమిషాలు. చాలాసేపు కరెంటు లేకుండా ఉండి లేచిన రిసీవర్ ఆలోపే "లాక్ అయ్యాను" అని సమయం ఇచ్చేస్తే ఆ కాసేపు 2.4 మైళ్ల తేడా. ఎన్‌రూట్‌లో (విమానాశ్రయాల మధ్య దారిలో) 5 మైళ్ల ఎడం పాటించే చోట అది చిన్న మాట కాదు. యూటీసీ సవరణ అందిందని జెండా వచ్చేదాకా గడియారాన్ని నమ్మకుండా ఉండేలా అమర్చాలి.

—

తంతివీరుడు (బెంగళూరు), ఉదయం 10:10

ప్యాకెట్లు రాలుతున్నాయని ఇంత బాధ ఎందుకు? టీసీపీ (పోయిన ప్యాకెట్‌ని మళ్లీ పంపే పద్ధతి) వాడితే ఒక్కటీ పోదు కదా.

—

ఉత్తరసూచి, ఉదయం 10:34

పోదు, ఆలస్యంగా వస్తుంది. అదే చిక్కు. పోయిన ఒక్క ముక్క తిరిగి వచ్చేదాకా దాని వెనక ఉన్న తాజా ప్లాట్లన్నీ టీసీపీ ఆపి ఉంచుతుంది. లైను 15 సెకన్లు తెగి అతుక్కుంటే పాతవన్నీ వరదలా వచ్చి పడతాయి. యూడీపీలో ఒక ప్యాకెట్ పోతే ఆ సెక్టార్‌లో ఒక తిప్పు పోయింది, 4 సెకన్లలో కొత్తది వస్తుంది, ఆ మధ్య ట్రాకర్ (ప్లాట్లని కలిపి విమానం దారి గీసే సాఫ్ట్‌వేర్) అంచనాతో నడుపుతుంది. పాత సీరియల్ లైన్లలో ఎల్‌ఏపీబీ ప్రోటోకాల్ పోయినదాన్ని తిరిగి పంపే పద్ధతి కూడా ఇదే గోల చేస్తుంది. రాని డేటా కనీసం రాలేదని తెలుస్తుంది. కొత్తదాని వేషంలో వచ్చిన పాత డేటాని పట్టుకోవడం కష్టం.

రికార్డింగ్ సర్వర్ నుంచి విశ్లేషణ సర్వర్‌కి ఫైళ్లు పంపడానికి టీసీపీ శుభ్రంగా వాడుకోండి.

—

తంతివీరుడు, ఉదయం 10:52

ఒప్పుకున్నా. మరి లైను ఎంత ఉండాలి? 64 కిలోబిట్లు చాలంటారు, కొందరు 2 మెగాబిట్లు అంటారు.

—

పెరుంగుడి_పోరడు, ఉదయం 11:20

సగటు లెక్క అందరికీ వస్తది: తిప్పుకు 200 విమానాలు, 4 సెకన్లు, ఒక్కో రిపోర్టు 60 ఆక్టెట్లు. సెకనుకు 50 రిపోర్టులు, 24 కిలోబిట్లు. హెడర్లు కలిపినా 30 లోపలనే. 64 ధారాళం అనిపిస్తది.

కానీ విమానాలు చుట్టూ సమానంగ ఉండయి. చెన్నై రాడార్‌కు తూర్పున సముద్రం. 200ల 120 పడమటి పావు భాగంల ఉన్నయనుకో. యాంటెన్నా ఆ పావు ఒక్క సెకన్ల దాటుతది: 120×60×8, అంటే 57,600 బిట్లు. హెడర్లు కలిపితే 64 నిండినట్టే, క్యూ మొదలైతది. సగటు గ్రాఫ్‌ల లైను సగం ఖాళీ, వయసు గ్రాఫ్‌ల మటుకు ప్రతి తిప్పుకు ఒక గూని. లైను కొలిచేది అత్యంత బరువైన పావు చూసి, సగటు చూసి కాదు.

టన్నెల్ (ప్యాకెట్ మీద ఇంకో పొర చుట్టి పంపుడు) ఉంటే ప్యాకెట్ సైజు చూసుకోవాలె. 1500 ఆక్టెట్లలకెల్లి ఐపీ, యూడీపీ హెడర్లు పోతే 1472. జీఆర్‌ఈ టన్నెల్ ఇంకో 24 తింటది. గుప్తీకరణ ఉంటే ఇంకా. పంపే కాడనే 1400 దాటకుండ కట్టు. ముక్కలైన ప్యాకెట్‌ల ఒక ముక్క పోతే మొత్తం పోయినట్టే. ఇదెట్ల బయటపడ్తదంటే, రద్దీ తక్కువ ఉన్నప్పుడు అంతా మంచిగుంటది, రద్దీ సెక్టార్లే మాయమైతయి.

—

దేవనహళ్లి_మాస్టారు, మధ్యాహ్నం 12:05

దానికి తోడు రెండో లైను గురించి. ఇద్దరు వేర్వేరు ప్రొవైడర్ల దగ్గర తీసుకున్నాం కాబట్టి భద్రం అనుకుంటారు. ఇద్దరి ఫైబరూ చివరి రెండు కిలోమీటర్లు ఒకే గొట్టంలో పోతుంటే అది నేతిబీరకాయలో నెయ్యే. మెట్రో పనులో డ్రైనేజీ పనులో చేసే జేసీబీ ఒక్క గుద్దుకి రెండూ తెంపుతుంది. బెంగళూరైనా చెన్నై అయినా ఇదే కథ. దారి మ్యాపు కాగితం మీద తీసుకుని రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడాలి. మూడో దారిగా వీశాట్ (ఉపగ్రహ లింకు) ఉంటే మంచిదే, ఒక వైపు పావు సెకను ఆలస్యం మామూలు. హబ్ మీదుగా రెండు గెంతులైతే అరసెకను. కేయూ బ్యాండ్ ఫ్రీక్వెన్సీ అయితే జోరువానలో సిగ్నల్ పడిపోతుంది, తుపాను రోజు ఫైబర్ తెగినప్పుడే అదీ చేతులెత్తేయొచ్చు.

—

అడయారు_అక్క (చెన్నై), మధ్యాహ్నం 1:40

రెండు లైన్లు అన్నాక రెండు కాపీలు వస్తాయి. ఆస్టెరిక్స్‌లో వరస నంబరు లేదు. కాబట్టి జంటల్ని తీసేయడానికి మొత్తం బ్లాక్ హ్యాష్‌ని (బ్లాక్ నుంచి లెక్కగట్టిన చిన్న గుర్తు) రెండు సెకన్ల కిటికీలో పోల్చడం సులువు. కిటికీ ఆ రెండు లైన్ల ఆలస్యాల తేడా కంటే పెద్దగా, తిప్పు కంటే చిన్నగా ఉండాలి. మధ్యలో ఏ పెట్టె అయినా బ్లాకుల్ని విప్పి కొత్తగా కడుతుంటే హ్యాష్ కలవదు. అప్పుడు ఒక్కో రికార్డు స్థాయిలో పంపినవాడి గుర్తింపు, సమయం, దూరం, కోణం పోల్చాలి. కాపీలు తీసే ముందే 'ఏ' లైనులో ఎన్ని వచ్చాయి, 'బి' లైనులో ఎన్ని వచ్చాయి విడిగా లెక్కపెట్టుకోండి. లేకపోతే ఒక లైను చచ్చిపోయినా పైకి అంతా సవ్యంగా కనిపిస్తుంది, రెండోది పోయిన రోజు గానీ తెలియదు.

ఏడీఎస్‌-బీ (విమానం తన స్థానాన్ని తానే ప్రసారం చేసే పద్ధతి) కూడా కలుపుతారా? దాని డేటా వచ్చే క్యాట్ 21 పాత 0.23 కూర్పుకీ 2.1కీ ఐటమ్‌ల వరసే వేరు. కూర్పు నంబరు మెసేజ్‌లో ఎక్కడా ఉండదు, ఎవరికి వారు ముందే చెప్పుకోవాలి. తప్పు కూర్పుతో విప్పినా కొన్నిసార్లు ఎర్రర్ రాదు, అర్థంలేని అంకెలు వస్తాయి. పొడవు సరిగ్గా చివరి ఆక్టెట్ దగ్గర ముగిసిందా అన్నది ప్రతి బ్లాక్‌కీ చూడండి.

ప్లాట్‌పిచ్చీ, నీ రీప్లే గురించి ఒక మాట. సమయం ఇప్పటికి మార్చేశావు, ఎస్‌ఏసీ ఎస్‌ఐసీ అసలువే ఉంచావు కదా? ఆ పీసీ కేబుల్ పొరపాటున వేరే స్విచ్‌లో పడితే అది అచ్చం నిజమైన రాడార్.

—

ప్లాట్‌పిచ్చి, మధ్యాహ్నం 2:15

అవునక్కా, అసలువే ఉన్నాయి. ఇప్పుడే మారుస్తా. ఎస్‌ఐసీ ఒక్కటే మారిస్తే చాలా?

—

అడయారు_అక్క, మధ్యాహ్నం 2:32

చాలదు. ఎస్‌ఏసీ, ఎస్‌ఐసీ రెండూ మీ బెంచ్‌కే పరిమితమైన జతగా పెట్టు. 020 ఐటమ్‌లో సిమ్ బిట్ (నిజం కాదు, అనుకరణ డేటా అని చెప్పేది) ఎత్తు. గ్రూపు అడ్రసూ వేరేది పెట్టు. టీటీఎల్ 1 పోరడు చెప్పాడు కదా, అది ఉండనీ. బెంచ్ స్విచ్ పైకి పోయే పోర్టు ఉంటే షట్‌డౌన్ చేసి, దానికో ఎర్ర టేపు చుట్టు.

సిమ్ బిట్ మార్చాక ఒక బ్లాక్‌ని చేత్తో విప్పి చూసుకో. అది 020 మొదటి ఆక్టెట్‌లో పై నుంచి నాలుగో బిట్, మొదటి మూడూ టైప్. ఒక స్థానం పైకి జరిపితే టైప్ మారిపోయి నీ ఎంఎస్‌ఎస్‌ఆర్ ప్లాట్లు వేరే రకం అయిపోతాయి.

—

ప్లాట్‌పిచ్చి, సాయంత్రం 4:50

అన్నీ మార్చేశాను. ఆర్‌పీ ఫిల్టర్ జోలికి పోకుండా బి ల్యాన్‌కి రూటు రాశాను, రెండు ల్యాన్‌లూ వస్తున్నాయి. వయసు మధ్యగతం 'ఏ', 'బి' రెండిట్లోనూ ఒకటే. 12 తిప్పుల రాడార్‌లో సెక్టార్ 19 మాత్రం రెండు ల్యాన్‌లలోనూ ప్రతి తిప్పులోనూ రావట్లేదు. రికార్డింగ్‌లోనే లేదా?

—

ఉత్తరసూచి, సాయంత్రం 5:04

రెండు ల్యాన్‌లలోనూ అదే నంబరు పోతోందంటే నెట్‌వర్క్ కాదు. రీప్లే కాకుండా అసలు రికార్డింగ్ ఫైలుని వైర్‌షార్క్‌లో తెరిచి సెక్టార్ నంబరు 152 కోసం వెతకండి, 19×8 (256ని 32తో భాగిస్తే సెక్టార్‌కి 8). ఫైల్లో ఉంటే మీ రీప్లే ప్రోగ్రామ్ దాన్ని మింగుతోంది, సమయం మార్చే చోట చూడండి. ఫైల్లోనూ లేకపోతే ఆ రాడార్ సెట్టింగే అంత. అప్పుడు ఆ రాడార్‌కి తిప్పుకి 31 అని రాసుకోండి.